మరదలు అన్నయ్యా అని పిలిచిన రోజు

శ్రీకాకుళం జిల్లాలో కన్నవాళ్ళను ఎదిరించి, సరిహద్దు దాటి వెళ్ళి, ఒరియా పిల్లను పెళ్ళాడి తెచ్చిన మొట్టమొదటి మగాణ్ణి నేనే. ఈ మాట మొన్న ఆదివారం అరసవల్లిలో మా ఇంటి ముందుగదిలో, అస్సాం నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషుల ఎదుట గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాను. వాళ్ళకు తెలుగు రాదు. అందుకని ఇంకొంచెం గట్టిగా చెప్పాను. మా మనవరాలు విశాఖపట్నంలో తనతోపాటు పనిచేసే అస్సాం కుర్రాణ్ణి ఇష్టపడింది. ఆ కుర్రాడి అమ్మానాన్నలు మమ్మల్ని చూసిపోదామని వచ్చారు. వాళ్ళు రావడానికి రెండు రోజుల ముందే మా అబ్బాయి నా పక్కన కూర్చుని, వాళ్ళ దగ్గర అనకూడని మాటలన్నీ ఒక కాగితం మీద రాసి చేతికిచ్చాడు. "ఎందుకురా ఇంత జాగ్రత్త?" అంటే, "మనింట్లో ఒక్క మాటకి పెళ్ళి ఆగిపోబోయిన చరిత్ర ఉంది కదా నాన్నా" అన్నాడు. నిజమే. ఆ చరిత్ర నాదే.

వచ్చినవాళ్ళు మంచివాళ్ళు. మా ఆవిడ చేసిన పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించుకున్నారు. వెళ్ళేటప్పుడు ఎర్ర అంచున్న తెల్లటి తువ్వాలు ఒకటి నా భుజం మీద కప్పి, రెండు చేతులూ పట్టుకున్నారు. వాళ్ళ కారు వీధి మలుపు తిరిగిందో లేదో, వంటింట్లోంచి మా ఆవిడ కుముదిని గొంతు వినిపించింది. "ఎదిరించారా? ఎవర్ని ఎదిరించారండీ మీరు?" పెళ్ళయి యాభై ఏళ్ళు దాటినా ఆవిడ తెలుగులో పర్లాకిమిడి పోలేదు. కోపం వస్తే మరీ తేలుతుంది. ఆవిడ పక్కనే పీట మీద కూర్చున్న నరసమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఈ నరసమ్మ మా మేనమామ కూతురు. రెండు వీధుల అవతల ఉంటుంది, మధ్యాహ్నం భోజనం వేళకు మా ఇంట్లో ఉంటుంది. వాళ్ళిద్దరి నవ్వూ విన్నాక, ఎవరో ఒకరు అసలు కథ రాసేలోగా నేనే రాసేయడం మేలనిపించింది.

మొదటివాణ్ణి కాను. ఆ మాట ముందే వెనక్కి తీసుకుంటున్నాను. పాతపట్నం పక్క ఊళ్ళలో ఏటికి ఇటు తెలుగిల్లు, అటు ఒరియా ఇల్లు, పిల్లనిచ్చిపుచ్చుకోవడం మా తాతల నాటి నుంచీ ఉంది. కాకపోతే శ్రీకాకుళం పట్నంలో, మా వీధిలో, మా వరసలో నేను మొదటివాణ్ణి. మా వరస అంటే ఎనిమిది ఇళ్ళు. ఇక ఎదిరించడం సంగతి. ఆ సంబంధం చూసిందే మా నాన్న.

నాన్నకు బెల్లం, చింతపండు వ్యాపారం. కొట్లోకి అడుగుపెడితే తీపీ పులుపూ కలిసిన ఒక బరువైన వాసన ముక్కుకు అతుక్కునేది. నాన్న చొక్కాకీ, తలగడకీ, చివరికి ఆయన దేవుడికి పెట్టే దండానికి కూడా అదే వాసన అనిపించేది. వారానికొకసారి ఆమదాలవలసలో రైలెక్కి నౌపడాలో దిగి, అక్కణ్ణుంచి పర్లాకిమిడి వెళ్ళే చిన్నరైలు పట్టుకునేవాడు. అది రైలు అనడానికి రైలే గానీ, ఎక్కడం ఆలస్యమైనవాడు చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెడితే అందుకోగలిగినంత నెమ్మది. పర్లాకిమిడిలో నాన్నకు సాహుగారని పసుపు వర్తకుడు స్నేహితుడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో తమలపాకుల పెట్టె పెట్టుకుని, ఈయన సగం ఒరియాలో ఆయన సగం తెలుగులో పూటంతా మాట్లాడుకునేవారు. కులం సంగతి వచ్చేసరికి ఇద్దరిదీ ఒకటే తరహా. భాషా తిండీ ఆచారమూ వేరు. చదువు అయిపోయి కొట్లో కూర్చోవడం నేర్చుకుంటున్న నన్ను కూడా నాన్న ఒకటి రెండుసార్లు వెంట తీసుకెళ్ళాడు.

అక్కడే కుముదినిని చూశాను. చూశానంటే, నా స్నేహితులతో చెప్పినట్టు కళ్ళూ కళ్ళూ కలవడం లాంటిదేమీ లేదు. పెరట్లో పసుపు కొమ్ములు ఆరబోసి ఉంటే కాకుల్ని తోలుతూ ఉంది. మోచేతుల దాకా పసుపు. నేను తెచ్చిపెట్టుకున్న ఒరియాలో మంచినీళ్ళు అడిగాను. చెంబు తెచ్చి అరుగు మీద పెట్టి, "తెలుగులో అడిగినా ఇస్తాం" అని లోపలికి వెళ్ళిపోయింది. అంతే. ఆ చెంబు మీద అయిదు పసుపు వేళ్ళు పడి ఉన్నాయి. తిరుగు రైల్లో నాన్న అటు కిటికీలోకి చూస్తూ, "సాహుగారి అమ్మాయి ఎలాగుంది?" అన్నాడు. నేను ఇటు కిటికీలోకి చూస్తూ "నాకేం తెలుసు" అన్నాను. నా చెవులు ఎర్రబడ్డాయట. ఆయనకు అది చాలింది. అప్పటికే తమలపాకుల పెట్టె దగ్గర ఇద్దరు తండ్రులూ అనుకున్నారని నాకు చాలా కాలానికి తెలిసింది.

ఇంట్లో అసలు కష్టం అమ్మతో. మా అమ్మ సొంత తమ్ముడు రామతీర్థం దగ్గర పల్లెలో వ్యవసాయం చేసేవాడు. భార్య పోతే, పసిపిల్లగా ఉన్న నరసమ్మను అమ్మే తెచ్చుకుని పెంచింది. పెంచింది నాకోసమే. అలా అని ఎవరూ ఎప్పుడూ చాటింపు వెయ్యలేదు. వెయ్యనక్కర్లేదు కూడా. మేనమామ కూతురు ఇంట్లో పెరుగుతుంటే ఎందుకని అడిగేవాళ్ళుంటారా? నరసమ్మ తెల్లారకముందే లేచి పేడనీళ్ళు చల్లేది, అమ్మ వెనకాలే ముగ్గేసేది, "ఏటి బావా, పొద్దెక్కినా లెగవా" అని నా ముఖాన నీళ్ళు చిలకరించేది. అయినా నాన్న సాహుగారి మాట ఎత్తినప్పుడు అమ్మ కాదనలేదు. నాన్న మాట ఆవిడకు తీసెయ్యడం తెలీదు. "తమ్ముడికి నాను నచ్చసెప్పుకుంటానులే" అంది. ఆవిడ నమ్మకం ఆవిడది.

ఒరియావాళ్ళలో పిల్లవైపు వాళ్ళు ముందుగా పెళ్ళికొడుకు ఇల్లు చూడ్డానికి వస్తారు. సాహుగారూ ఆయన భార్యా వచ్చారు. అమ్మ రెండు రోజులు వండింది. మా ఇంట్లో నువ్వులనూనె, వాళ్ళింట్లో ఆవనూనె. వాళ్ళకోసం ఆవనూనె తెప్పించి, ఆ ఘాటుకు తుమ్ముకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ కూరలన్నీ అందులోనే చేసింది. అడ్డాకులు వేసి వడ్డన మొదలైంది. నరసమ్మ నీళ్ళ చెంబుతో వచ్చి, "బావా, జరుగు" అని నన్ను మోకాలితో పక్కకు తోసింది. సాహుగారి భార్య నవ్వి, ఎవరమ్మా ఈ పిల్ల అని అడిగింది. ఇక్కడొక సంగతి చెప్పాలి. గొప్పలు చెప్పుకునే విద్య నాకు అమ్మ నుంచే వచ్చింది. కొడుకు విలువ కాస్త పెంచుదామనుకుంది పాపం.

"మా తమ్ముడి కూతురమ్మా. తల్లి పోతే నానే పెంచినాను. మావోడికే అనుకున్నాం దీన్ని, పుట్టిన కాడ్నుంచీ. ఇప్పటికీ మా తమ్ముడు నా కాళ్ళట్టుకుంటన్నాడు, అప్పా నీ కోడల్ని సేసుకో అని. మావోడికి గిరాకీ అలాటిది మరి!"

సాహుగారి చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. "తమ్ముడి కూతురంటే... ఈ అబ్బాయికి చెల్లెలు కదమ్మా?"

"సెల్లెలేటి బాబూ, మరదలు!" అని అమ్మ హాయిగా నవ్వింది.

సాహుగారి భార్య ముసుగు ముందుకు లాక్కుని "భొవుణీ!" అంది. చెల్లెలు అని వాళ్ళ మాట. ఆ ఒక్క మాటలో ఎంత ఏవగింపు ఉందంటే, నరసమ్మ చేతిలో చెంబు దానంతటదే కిందికి దిగింది. వాళ్ళలో మేనమామ పిల్లలూ మేనత్త పిల్లలూ అందరూ తోబుట్టువులే. చెల్లెల్ని పెళ్ళాం చేసుకోవడానికి పెంచుకున్న ఇంటికి పిల్లనివ్వాలా? సాహుగారు కోప్పడలేదు, అదే ఇంకా భయం వేసింది. నాన్నకు దండం పెట్టి, చెయ్యి కడుక్కుని, భార్యను తీసుకుని వెళ్ళిపోయారు. ఆకుల్లో అన్నం ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

నరసమ్మే ముందు నోరు విప్పింది. "పోతే పోనారు గానీ అత్తా, కూరలు పాడైపోతాయి. నాను తినేస్తాను." అమ్మ అది వినలేదు. నాన్న వైపే చూస్తోంది. నాన్న కూడా అమ్మకు మేనబావే. "బావా, నిన్ను నాను పాతికేళ్ళుగా బావా అంటన్నాను. ఆళ్ళ లెక్కన నా కాపరం ఏటి?" అంది. నాన్న ఒక ఆకు తీసి, సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి అమ్మ చేతిలో పెట్టాడు. మా నాన్న ఎవరికీ ఆకు మడిచి ఇవ్వగా అంతకుముందు నేను చూడలేదు.

నేను మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా పడుకున్నాను. ఈ వాక్యం రాసి, కాగితం వంక కాసేపు చూసి, కొట్టేస్తున్నాను. రెండు పూటలు. రెండో పూట సాయంత్రం నరసమ్మ కొబ్బరుండలు కొంగులో కట్టుకుని వచ్చి నా మంచం మీద కూర్చుంది. "తిను బావా. పస్తుండి సావకు, నీకంత ఓపిక నేదు. నిజం సెప్పు, ఆ పిల్లంటే ఇట్టమేనా?" నోటినిండా కొబ్బరుండతో తలూపాను. "సెప్పడానికి నోరు కాళీ నేదు గానీ పేమ ఉన్నాది" అని లేచి తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. గోడ ఇవతల నుంచి నాకంతా వినిపిస్తూనే ఉంది.

"అత్తా, నన్ను పర్లాకిమిడి తీసుకెల్లు. ఆళ్ళందరి ముందూ బావని అన్నయ్యా అని పిలుస్తాను. అప్పుడు ఆళ్ళకి బెంగుండదు కదా."

"నోర్ముయ్యే! ఆ మాట ఒక్కసారి అంటే మరి ఎనక్కి రాదు."

"రాపోతే మానె. నాకేటి నట్టం?"

"నీకు కాదే, నాకు. నా తమ్ముడి గుమ్మం నాకు మూసుకుపోద్ది. పిల్లని పెంచి పెద్దసేసి, ఆడి మొకం మీదే సెల్లెలని సెప్పించినానంటాడు."

అది నిజమని ముగ్గురికీ తెలుసు. మా వైపు వరస ఒక తాళం లాంటిది. బావా అని పిలిచినన్నాళ్ళూ ఆ తలుపు తెరిచి ఉన్నట్టే. ఒక్కసారి పదిమందిలో అన్నయ్యా అంటే, ఆ పిల్లా ఆ పిల్లాడూ ఆ జన్మకు తోబుట్టువులే. అమ్మ మరి రెండు రోజులు పొయ్యితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. పాలకుండతో మాట్లాడడం ఆవిడకు అలవాటే, ఆ రెండు రోజులూ దాన్ని కూడా పలకరించలేదు. మూడోనాడు పొద్దున్నే కొత్తచీర కట్టుకుని, నరసమ్మకు జడవేసి, "పద, ఒరే, నువ్వూ రా" అంది. తమ్ముడికి కబురు పెట్టలేదు. పెడితే వెళ్ళలేనని ఆవిడకు తెలుసు.

సాహుగారింటి పెరట్లో తులసికోట ఉంది. మమ్మల్ని చూసి వాళ్ళు రండి అనలేదు, పొమ్మనీ అనలేదు. అమ్మ తులసికోట దగ్గర నిలబడి, తన తెలుగు తనే మాట్లాడింది. "మా ఆచారం మాది. తప్పని నాను ఒప్పుకోను. ఒప్పుకుంటే మా ఆయన నాకు ఏటవుతాడు? కానీ నా కొడుకు మీ గుమ్మంలో తప్పుడు మనిసిలాగ నిలబడకూడదు. అమ్మీ, పిలువు."

నరసమ్మ నా వైపు తిరిగింది. ఆ పిల్ల ముఖంలో ఎప్పుడూ ఉండే వెటకారం ఆ క్షణాన లేదు. "అన్నయ్యా" అంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ బావా అన్న గొంతు అది. "పలకరా" అంది అమ్మ. "ఏం చెల్లీ" అన్నాను. తలుపు వెనక గాజులు కదిలాయి. సాహుగారి భార్య మెట్లు దిగి వచ్చి నరసమ్మ గడ్డం పట్టుకుంది, లోపలికి తీసుకెళ్ళి పాయసం తినిపించింది. సాహుగారు నన్ను భుజం మీద తట్టారు. ఆ సందడంతా జరుగుతుంటే అమ్మ ఒక్కతీ తులసికోట చుట్టూ రాలిన ఎండుటాకులు ఏరుతూ కూర్చుంది, పరాయి వాళ్ళ పెరట్లో, సొంతింటి పనిలాగ.

తిరుగు రైల్లో నరసమ్మ కళ్ళమ్మట నీళ్ళు కారాయి. అవి నాకోసమేనని చాలా ఏళ్ళు చెప్పుకు తిరిగాను. ఇంజను బొగ్గు నలుసు పడిందని ఆ పిల్ల అప్పుడే చెప్పింది. నలుసు తీసుకున్నాక, "అన్నయ్యా, సెనక్కాయలు కొనిపెట్టు" అంది, బోగీ అంతా తిరిగి చూసేలా. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆ పిలుపు మార్చలేదు. సంతలో అయినా, ఆస్పత్రిలో అయినా, నా పరువు తియ్యాలనిపించినప్పుడల్లా రెండు ఇళ్ళకు వినిపించేలా పిలుస్తుంది.

అమ్మ భయపడ్డట్టే జరిగింది. మావయ్య వచ్చాడు. గుమ్మం ఎక్కలేదు. వీధిలోనే నిలబడి నరసమ్మను పిలిచి, దాని బట్టల మూట తీసుకుని, "అప్పా, నీకు కొడుకే ఉన్నాడు, తమ్ముడు నేడు అనుకో" అని దాన్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. అమ్మ ద్వారబంధం పట్టుకుని, ఆయన మలుపు తిరిగేదాకా చూసింది. ఆ తరువాత లోపలికి వచ్చి బియ్యంలో రాళ్ళు ఏరింది.

పెళ్ళి పర్లాకిమిడిలో. ఒరియావాళ్ళ ఆచారంలో పెళ్ళికొడుకు తల్లి పెళ్ళి చూడకూడదు. మాకు పెళ్ళికొడుకు తల్లి లేకపోతే పెళ్ళే లేదు. నాన్న ఆ సంగతి చెప్పడానికి తటపటాయిస్తుంటే అమ్మే, "అంతా ఇచ్చినాక ఇదొక్కటీ ఉంచుకుని ఏటి సేసుకుంటాను" అంది. కొడుకు పెళ్ళినాడు ఆవిడ ఇంట్లో ఒంటరిగా కూర్చుంది. ఆవిడ బాధపడింది పెళ్ళి చూడలేకపోయినందుకు కాదు. కొడుకు పెళ్ళికి తల్లికి పుట్టింటి నుంచి చీర రావాలి. అది రాకపోతే తల్లి పుట్టిల్లు లేనిదాని కింద లెక్క.

కుముదినిని వెంటబెట్టుకుని నేను ఇంటికి వచ్చేసరికి పొద్దెక్కింది. అమ్మ హారతి పళ్ళెంతో గుమ్మంలో ఉంది. ఒంటి మీద ఆకుపచ్చ నేతచీర, ఎర్ర అంచు. నేనెప్పుడూ చూడనిది. కాళ్ళకు దండం పెడుతుంటే కుచ్చిళ్ళలోంచి మొగలిరేకుల వాసన వచ్చింది. "మీ మావయ్య వచ్చినాడురా," అంది, నేను అడగకుండానే. "నువ్వటు ఎల్లినావు, ఆడిటు వచ్చినాడు. సీరెట్టి, నా కాళ్ళకి దండమెట్టి, ఉండమంటే ఉండకుండా ఎల్లిపోనాడు." నాకు గుండె మీంచి బండ దిగింది. తరువాత చాలాకాలం మావయ్య మా ఇంటికి రాలేదు. పొలం పనులని అమ్మ చెప్పేది. నరసమ్మకు బొబ్బిలి సంబంధం కుదిరి, మంచి కాపరం ఏర్పడ్డాక రాకపోకలు మళ్ళీ మొదలయ్యాయి. ముసలితనంలో తను కూడా అరసవల్లికే వచ్చేసింది. ఏమైనా పెళ్ళినాటి కోపం పెళ్ళినాడే తీరిపోయింది కదా అని నేను తృప్తిగా ఉన్నాను.

ఇప్పుడు మా మనవరాలు పెళ్ళికి అబ్బాయిని తనే వెతుక్కుంది. ఫోన్లో ముఖాలు చూసుకుంటూ ఆ కుర్రాడి అమ్మతో దీని అమ్మ వంటల మాటలు మాట్లాడింది. అన్నీ కుదిరాక నన్ను పిలిచి, "తాతా, నీకు ఇష్టమేనా?" అని అడిగింది. మా రోజుల్లో అంతా అయ్యాక చివర పిల్లల్ని అడిగేవారు. ఇప్పుడు చివర పెద్దల్ని అడుగుతున్నారు. రెండు కాలాల్లోనూ చివర అడిగించుకున్నది నేనే. నాకేమీ కష్టంగా లేదు. వాళ్ళది వాళ్ళకు సులువుగా జరుగుతోంది, మంచిదే. అనకూడని మాటల కాగితం ఒకటి మా అమ్మకు కూడా ఎవరైనా ముందే రాసిచ్చి ఉంటే, ఆవిడ తులసికోట కింద ఆకులు ఏరేది కాదు కదా అనిపిస్తుంది. కాకపోతే, ఆ కాగితం ఉండి ఉంటే మా అమ్మ నాకోసం ఏమి వదులుకోగలదో నాకు తెలిసేది కాదు.

ఇక్కడిదాకా రాసి, నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర చదివి వినిపించాను. కుముదిని, చెంబు మీద పడింది అయిదు వేళ్ళు కాదు నాలుగేనని, బొటనవేలికి ఆ రోజు గుడ్డ కట్టి ఉందని సవరించింది. మార్చలేదు. నరసమ్మ అన్నం కలుపుతూ ఉంది. ముద్ద నోట్లో పెట్టుకోబోయి మళ్ళీ కంచంలో పెట్టేసింది.

"అన్నయ్యా, అన్నీ బాగానే రాసినావు గానీ, మా అయ్య ఎప్పుడొచ్చినాడు?"

"నేను పెళ్ళికి వెళ్ళిన రోజు. చీర పట్టుకుని. అమ్మ చెప్పింది కదా."

"మా అయ్య ఆ యేడు రామతీర్థం దాటి అడుగెట్టనేదు. నాను వచ్చినాను. సూర్యనారాయణసామి దర్శనానికని సెప్పి, పక్కింటోళ్ళతో బస్సెక్కి. ఆ సీర మా అమ్మది. పెట్లో మొగలిరేకుల మద్దిన మడత ఇప్పకుండా ఉండీది. అయ్య పంపినాడత్తా అని సెప్పి ఇచ్చినాను."

చదివిన కాగితాలు నా చేతిలోనే ఉన్నాయి. "అమ్మ నమ్మిందా?" అన్నాను.

"ఎలా నమ్ముద్ది అన్నయ్యా? ఆ సీర మా అమ్మకి ఎట్టింది అత్తే. సూడగానే పోల్సింది. ఏటీ అన్నేదు. కట్టేసుకుంది."